ఇంజిన్ బోరు పనిలో తూకం: క్రాంకు, ఫ్లైవీల్, పిస్టన్ బ్యాలెన్సింగ్

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ మండలాల్లో నవంబరు నుంచి కాఫీ పండ్ల కోత ఊపందుకుంటుంది. కోసిన పండు ఆ రోజే పల్పర్‌లో పడాలి. రాత్రంతా గోనెల్లో ఉండిపోతే పండు వేడెక్కి పులుస్తుంది, పార్చ్‌మెంట్ రంగు మారుతుంది, ధర తగ్గుతుంది. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుకు తగ్గ నాణ్యత నిలవాలంటే కోత రోజుల్లో పల్పర్ ఆగకూడదు. కరెంటు సరిగా అందని చోట్ల దాన్ని తిప్పేది 5 హెచ్‌పీ డీజిల్ ఇంజినో, పవర్ టిల్లర్ ఇంజినో. అందుకే చాలామంది రైతులు, రైతు సంఘాలు ఆగస్టు, అక్టోబరు మధ్య ఇంజిన్ దించి బోరు పని చేయిస్తారు.

బోరు చేయించిన ఇంజిన్ పొగ తగ్గుతుంది, ఒక్క తిప్పుకే అందుకుంటుంది. కానీ కొన్ని ఇంజిన్లు మునుపటి కంటే ఎక్కువగా అదురుతాయి. దిమ్మె బోల్టులు వదులవుతాయి, బెల్టు జారుతుంది, డీజిల్ పైపు అతుకు దగ్గర చిట్లుతుంది. అడిగితే మెకానిక్ "కొత్త బోరు కదా, నాలుగు రోజులు నడిస్తే సర్దుకుంటుంది" అంటాడు. ఈ మాటలో సగమే నిజం. కొత్త రింగులు బోరుకు సర్దుకుంటాయి. తిరిగే భాగాల తూకం తప్పితే మాత్రం ఎన్ని రోజులు నడిపినా సర్దుకోదు. పైగా అదే అదురు బేరింగులను, కొత్తగా పెట్టిన ఖర్చును తినేస్తుంది. ఇంజిన్ విప్పి ఉన్నప్పుడు తూకం చూసుకోవడానికి ఒక పూట చాలు. బిగించేశాక చూడాలంటే మళ్లీ అంతా విప్పాలి.

అదురు ఎక్కడి నుంచి వస్తుంది

ఇంజిన్‌లో కదిలే భాగాలు రెండు రకాలు. క్రాంకు షాఫ్టు, ఫ్లైవీల్, కనెక్టింగ్ రాడ్ పెద్ద చివర గుండ్రంగా తిరుగుతాయి. పిస్టన్, పిన్ను, రింగులు, రాడ్ చిన్న చివర కిందికి పైకి ఆడతాయి. గుండ్రంగా తిరిగే బరువుకు సరిగ్గా ఎదురుగా మరో బరువు పెడితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. క్రాంకు చెంపల మీద కనిపించే బరువు దిమ్మలు ఆ పనికే ఉన్నాయి.

పిస్టన్‌తో చిక్కు వేరు. అది ఒకే గీత మీద ఆడుతుంది, ఎదురు బరువేమో చుట్టూ తిరుగుతుంది. పిస్టన్ బరువు మొత్తానికి సరిపడా ఎదురు బరువు పెడితే కిందికి పైకి అదరడం ఆగుతుంది కానీ అంతే బలంగా ముందుకు వెనక్కి అదరడం మొదలవుతుంది. అందువల్ల ఒంటి సిలిండర్ ఇంజిన్లలో తిరిగే బరువు మొత్తానికి, దానితోపాటు పిస్టన్ వైపు బరువులో సుమారు సగానికి సరిపడా ఎదురు బరువు పెడతారు. మిగిలిన సగం అదురును దిమ్మె భరించాలి. ఒంటి సిలిండర్ ఇంజిన్ బొత్తిగా అదరకుండా నడవదు. మనం చూడాల్సింది కంపెనీ ఇచ్చిన ఆ లెక్క బోరు పని తర్వాత కూడా అలాగే ఉందా లేదా అన్నదే.

వేగం సంగతి ఇక్కడ ముఖ్యం. వేగం రెట్టింపయితే తూకం తప్పిన బరువు లాగే బలం నాలుగు రెట్లవుతుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఫ్లైవీల్ అంచున, మధ్య నుంచి 250 మి.మీ. దూరంలో 50 గ్రాములు ఎక్కువగా ఉన్నాయనుకుందాం. ఆ 50 గ్రాములు షాఫ్టును దాదాపు 31 కిలోల బలంతో ఒక పక్కకు లాగుతూ ఉంటాయి, అదీ సెకనుకు 25 చుట్లు. లిస్టర్ టైపు పాత ఇంజిన్లు 650 చుట్లకే నడుస్తాయి కాబట్టి అదే తప్పు వాటిలో ఆరు కిలోల లోపే లాగుతుంది. "మా నాన్న కాలం ఇంజిన్‌కు ఈ తూకాలేవీ చూడలేదు, ముప్పై ఏళ్లు నడిచింది" అనే మాటకు కారణం ఇదే. నెమ్మది ఇంజిన్ క్షమించిన తప్పును 1500 చుట్ల ఇంజిన్ క్షమించదు.

బోరు పనిలో తూకం ఎక్కడ తప్పుతుంది

అందరూ ముందు క్రాంకు గ్రైండింగ్‌ను అనుమానిస్తారు. నిజానికి గ్రైండింగ్ వల్ల తూకం పెద్దగా మారదు. 50 మి.మీ. క్రాంకు పిన్నును 10 సైజుకు, అంటే పావు మి.మీ. తగ్గిస్తే పోయే ఇనుము ఆరేడు గ్రాములు. దానికి తగ్గట్టు మందం పెరిగిన బేరింగు ఇంచుమించు అంత బరువును తిరిగి తెస్తుంది. క్రాంకుకు అసలు ప్రమాదం వంపు. అరిగిన చోట వెల్డింగ్ నింపి గ్రైండింగ్ చేసిన క్రాంకులు వేడికి వంగే అవకాశం ఎక్కువ. అలాంటి క్రాంకును రెండు వీ బ్లాకుల మీద పెట్టి, మధ్యలో డయల్ గేజి ఆనించి తిప్పించి చూడకుండా ఇంటికి తెచ్చుకోకండి. ముల్లు ఎంతవరకు ఆడవచ్చో కంపెనీ పుస్తకంలో ఉంటుంది.

తూకం ఎక్కువగా తప్పేది పిస్టన్ మార్చినప్పుడు. ఓవర్ సైజు పిస్టన్ అయినా అదే కంపెనీది అయితే తేడా పది, పదిహేను గ్రాములకు మించదు. అది పట్టించుకోనక్కర్లేదు. సంత రోజున దొరికిందని వేరే తయారీ పిస్టన్ తెస్తే సంగతి మారుతుంది. తల మందం, పిన్ను మందం వేరుగా ఉండి వంద గ్రాముల దాకా తేడా రావచ్చు. 110 మి.మీ. స్ట్రోకు ఉన్న 5 హెచ్‌పీ ఇంజిన్‌లో, 1500 చుట్ల వద్ద ఆ వంద గ్రాములు పిస్టన్ పైకి చేరిన ప్రతిసారీ, కిందికి దిగిన ప్రతిసారీ దాదాపు 14 కిలోల అదనపు కుదుపు ఇస్తాయి. కొన్ని పాత ఇంజిన్లలో పోత ఇనుము పిస్టన్ ఉంటుంది. దాని స్థానంలో అల్యూమినియం పిస్టన్ వేస్తే బరువు తగ్గుతుంది. తేలికైంది కాబట్టి మంచిదే అనుకుంటారు. ఎదురు బరువు మాత్రం పాత పిస్టన్ లెక్కకే ఉంది కదా, అది ఇప్పుడు ఎక్కువై ఇంజిన్‌ను ముందుకు వెనక్కి ఊపుతుంది.

మూడోది ఫ్లైవీల్. పగిలిందని సెకండ్ హ్యాండ్‌లో వేరేది తెచ్చి వేయడం, ఎడమ కుడి చక్రాలు తారుమారు చేయడం, కీ గాడి అరిగిందని కొత్త గాడి వేరే చోట కొట్టించడం. వీటిలో ఏది జరిగినా తూకం పోతుంది. ముఖ్యంగా లిస్టర్ టైపు ఇంజిన్లలో ఎదురు బరువు క్రాంకు మీద కాకుండా ఫ్లైవీల్‌లోనే, అంచు దగ్గర ఒక పక్క మందంగా పోసి ఉంటుంది. ఆ మందం క్రాంకు పిన్నుకు సరిగ్గా ఎదురుగా రావాలి. కీ గాడి మారితే మందం పక్కకు జరిగి, ఉన్న తూకం కాస్తా కొత్త అదురుగా మారుతుంది.

విప్పే ముందు, విప్పేటప్పుడు

ఇంజిన్ అదిరితే వెంటనే క్రాంకును అనుమానించి విప్పేయవద్దు. ముందు బెల్టు తీసి ఖాళీగా నడపండి. అదురు పోతే తప్పు ఇంజిన్‌లో లేదు. కప్పీ వంకరో, పల్పర్ షాఫ్టు వంగిందో, రెండు కప్పీలు ఒక వరసలో లేవో చూసుకోవాలి. బెల్టు తీసినా అదురుతుంటే వేగం నెమ్మదిగా పెంచి చూడండి. లోడు ఉన్నా లేకపోయినా వేగంతోపాటే అదురు పెరిగితే తూకం తప్పినట్టు. లోడు పడ్డప్పుడే, ఉండి ఉండి కుదుపుతో వస్తే ఇంజెక్టరో కంప్రెషనో చూడాలి. చింతపల్లి, లంబసింగి వైపు చలి ఉదయాల్లో మొదటి ఐదు నిమిషాలు వచ్చే కొట్టుడు శబ్దం చల్లని ఇంజిన్‌లో డీజిల్ ఆలస్యంగా అంటుకోవడం వల్ల వస్తుంది. దానికీ తూకానికీ సంబంధం లేదు.

దిమ్మె కూడా చూడాలి. వాలు నేల మీద, వానలకు మెత్తబడ్డ మట్టిలో దుంగల మీద కూర్చోబెట్టిన ఇంజిన్ ఎంత తూకంగా ఉన్నా ఊగుతుంది. కాంక్రీటు దిమ్మె గట్టి నేల దాకా దిగి, ఇంజిన్ కంటే కొన్ని రెట్లు బరువుగా ఉండాలి.

ఇక విప్పాల్సిందే అని తేలితే ఒక నోటుపుస్తకం, ఒక తూకం మిషన్ పక్కన పెట్టుకోండి. కిరాణా కొట్లో వాడే డిజిటల్ కాటా చాలు, 1 గ్రాము వరకు చూపితే బాగుంటుంది. పాత పిస్టన్‌ను మసి గీకి, డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి పిన్ను, రింగులు, సర్‌క్లిప్పులతో కలిపి తూచండి. మసి పట్టిన పిస్టన్‌ను అలాగే తూస్తే లెక్క తప్పుతుంది. తర్వాత కనెక్టింగ్ రాడ్‌ను బేరింగు, బోల్టులతో సహా తూచండి. రాడ్ మార్చేటట్టయితే రెండు చివరలూ విడివిడిగా కావాలి. ఒక చివరను దారంతో వేలాడదీసి రెండో చివర కాటా మీద ఆనేలా, రాడ్ అడ్డంగా సమంగా ఉండేలా పట్టి తూచాలి. తర్వాత చివరలు మార్చి మళ్లీ తూచాలి. రెండూ కలిపితే మొత్తం బరువు రావాలి, రాకపోతే రాడ్ సమంగా లేదని అర్థం.

ఫ్లైవీల్ ఊడదీసే ముందు షాఫ్టు మీద, చక్రం మీద సుత్తి, పంచ్‌తో గుర్తు పెట్టండి. రెండు చక్రాలుంటే ఎడమ దానికి ఒక చుక్క, కుడి దానికి రెండు చుక్కలు. సున్నం గీత, సుద్ద గీత డీజిల్ తగిలితే పోతాయి.

కొత్త సామాను కొనేటప్పుడు ఆ చీటీ, కాటా వెంట తీసుకెళ్లండి. కొత్త పిస్టన్ సెట్టు బరువు పాతదానికి పదిహేను గ్రాముల లోపు తేడాలో ఉంటే తీసుకోండి. ఎక్కువ తేడా ఉంటే వేరే తయారీ అడగండి. బరువు తగ్గించడానికి పిస్టన్ తలను గాని, పిన్ను లోపలి భాగాన్ని గాని గ్రైండ్ చేయించవద్దు. ఒత్తిడి, వేడి అంతా అక్కడే పడుతుంది. దుకాణంలో పిస్టన్ తూచి చూస్తామంటే నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఫ్లైవీల్ తూకం ఊళ్లోనే చూసుకోవచ్చు

ఫ్లైవీల్ వెడల్పు తక్కువ, చుట్టు పెద్దది. ఇలాంటి వాటికి నిలకడ తూకం చాలు, మెషిన్ అక్కర్లేదు. కావాల్సినవి నాలుగే: ఫ్లైవీల్ రంధ్రంలో ఆట లేకుండా పట్టే తిన్నని షాఫ్టు ముక్క, నున్నటి అంచున్న రెండు ఇనుప పట్టీలు, రసమట్టం, కాస్త ఎం సీల్ లేదా బంకమట్టి. షాఫ్టు ముక్కను లేత్ షాపులో తిప్పించాలి, రెండు చివరలూ ఒకే మందం ఉండాలి.

పట్టీలను అంచు పైకి వచ్చేలా, పక్కపక్కన సమాంతరంగా గట్టి బల్లల మీద బిగించండి. రసమట్టంతో నిలువునా, అడ్డంగా, రెండు పట్టీల మీద కర్ర వేసి కూడా మట్టం చూడండి. మట్టం తప్పితే చక్రం వాలు వైపు దొర్లుతుంది, అది బరువు వల్ల అనుకుని మోసపోతాం. షాఫ్టుతో సహా ఫ్లైవీల్‌ను ఇద్దరు పట్టుకుని పట్టీల మీద పెట్టాలి. దొర్లి పడకుండా చివరల్లో అడ్డు పెట్టండి, కాళ్లు దూరంగా ఉంచండి.

వదిలేస్తే బరువైన పక్క కిందికి వచ్చి ఆగుతుంది. అక్కడ గుర్తు పెట్టి, చక్రాన్ని పావు చుట్టు తిప్పి మళ్లీ వదలండి. నాలుగు సార్లూ ఒకే గుర్తు కిందికి వస్తే అదే బరువు పక్క. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే తూకం బాగానే ఉంది. ఇప్పుడు గుర్తుకు ఎదురుగా, అంచు దగ్గర, ఎం సీల్ కొద్దికొద్దిగా అంటిస్తూ పోండి. చక్రాన్ని ఎక్కడ వదిలితే అక్కడే నిలిచే వరకు ఇది చేయాలి. నిలిచాక ఆ ఎం సీల్ తీసి తూచండి. అంత బరువును బరువు పక్క నుంచి, మధ్య నుంచి అంతే దూరంలో తీసేయాలి.

తీసేది డ్రిల్లుతో. పోత ఇనుములో 12 మి.మీ. డ్రిల్లుతో 10 మి.మీ. లోతు రంధ్రం వేస్తే సుమారు 8 గ్రాములు పోతాయి. 40 గ్రాములు తీయాలంటే అలాంటివి ఐదు, ఒకే చోట కాకుండా గుర్తుకు అటూ ఇటూ సమంగా. అంచు మందం ఉన్న చోటే వేయాలి. ఆకుల మీద, మధ్య బొడ్డు దగ్గర డ్రిల్లు పెట్టకూడదు. ఎదురు పక్క ఇనుప ముక్క వెల్డింగ్ చేద్దామని కొందరు అంటారు. పోత ఇనుముకు మామూలు వెల్డింగ్ వేస్తే పక్కనే కంటికి కనిపించని పగులు మొదలవుతుంది. 1500 చుట్ల మీద ఆ ముక్క ఊడినా, చక్రం పగిలినా గోడ అడ్డం ఉన్నా ఆగదు.

ఎంత వరకు సరి చేయాలి? ఫ్లైవీళ్లకు, మామూలు యంత్ర భాగాలకు వర్క్‌షాపుల్లో ఎక్కువగా పాటించే అంతర్జాతీయ గ్రేడు జి 6.3. ఆ లెక్కన 1500 చుట్లు తిరిగే 30 కిలోల ఫ్లైవీల్‌కు, మధ్య నుంచి 200 మి.మీ. దూరంలో 6 గ్రాముల దాకా తేడా ఉన్నా ఫర్వాలేదు. పట్టీలు నున్నగా ఉంటే ఓపికతో ఇంట్లోనే దాని దగ్గరి దాకా రావచ్చు.

ఒక హెచ్చరిక. పైన చెప్పినట్టు ఎదురు బరువు ఫ్లైవీల్‌లోనే పోసి ఉన్న ఇంజిన్లకు ఈ పద్ధతి వర్తించదు. ఆ చక్రం పట్టీల మీద పెడితే మందం పక్క కిందికే వస్తుంది, రావాలి కూడా. దాన్ని "సరిచేస్తే" ఇంజిన్ పాడవుతుంది. ముందు అంచు లోపలి వైపు చుట్టూ చెయ్యి పెట్టి చూడండి. ఒక పక్క కావాలని మందంగా పోసినట్టుంటే డ్రిల్లు ముట్టుకోవద్దు.

చక్రం బయట ఉన్నప్పుడే ఇంకో పరీక్ష చేయండి. తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో అంచును తట్టండి. మంచి చక్రం గంటలా మోగుతుంది. బొంగురు శబ్దం వస్తే ఎక్కడో పగులుంది. కీ గాడి మూలలను, ఆకులు బొడ్డును కలిసే చోటును డీజిల్‌తో తుడిచి, సుద్దపొడి చల్లి చూడండి. పగులులో ఇంకిన డీజిల్ సుద్ద మీద గీతలా బయటికి వస్తుంది. పగిలిన ఫ్లైవీల్‌కు మరమ్మతు లేదు, పారేయాలి.

మెషిన్ మీద తూకం ఎప్పుడు కావాలి

కవ్వం తీసుకుని పైన ఒక పక్క, కింద దానికి ఎదురు పక్క అంతే మట్టి ముద్ద అంటించారనుకోండి. నేల మీద పడుకోబెడితే అది ఎటూ దొర్లదు, తూకం సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. తాడు వేసి తిప్పితే మాత్రం పై చివర ఒక వైపు, కింది చివర ఇంకో వైపు కొట్టుకుంటాయి. పొడుగ్గా ఉండే క్రాంకు షాఫ్టులో ఇలాంటి తప్పు ఉంటే పట్టీల మీద దొరకదు. తిప్పి, రెండు చివరల అదురును విడివిడిగా కొలిచే బ్యాలెన్సింగ్ మెషిన్ కావాలి.

ట్రాక్టర్ల మూడు, నాలుగు సిలిండర్ల క్రాంకు మార్చినా, వెల్డింగ్ నింపించినా, క్లచ్ ప్లేటు సెట్టు వేరేది వేసినా మెషిన్ మీద చూపించడం మేలు. ఈ ఇంజిన్లలో పిస్టన్లన్నీ ఒకదానికొకటి, రాడ్లన్నీ ఒకదానికొకటి సమానంగా ఉండటం ముఖ్యం. కంపెనీ పుస్తకంలో హద్దు ఉంటే అదే పాటించాలి, లేకపోతే 5 గ్రాముల లోపు ఉంచుకోండి. ఒక పిస్టన్ పాడైందని ఒక్కటే మార్చడం ఖర్చు తగ్గించినట్టు కనిపిస్తుంది కానీ ఆ ఒక్కటీ తూచకుండా వేయకూడదు.

ఒంటి సిలిండర్ క్రాంకును మెషిన్‌కు పంపేటప్పుడు క్రాంకు పిన్ను మీద నకిలీ బరువు కట్టి తిప్పాలి. దాన్ని షాపుల్లో బాబ్ వెయిట్ అంటారు. రాడ్ పెద్ద చివర బరువు మొత్తం, పిస్టన్ వైపు బరువులో సగం, లేదా కంపెనీ చెప్పిన వంతు కలిపి ఆ బరువు కడతారు. మీరు ముందు రాసిపెట్టుకున్న తూకాలు ఇక్కడ పనికొస్తాయి. ఆ లెక్క అడగకుండా ఉత్త క్రాంకును తిప్పి "సరి చేశాం" అనే షాపు మీకు పనికిరాదు.

అరకు నుంచి విశాఖపట్నం సుమారు 115 కిలోమీటర్లు, ఘాట్ దిగి వెళ్లాలి. విశాఖ ఆటోనగర్‌లో ఇంజిన్ మెషినింగ్ షాపులున్నాయి కానీ క్రాంకు గ్రైండింగ్ చేసే ప్రతి షాపులో బ్యాలెన్సింగ్ మెషిన్ ఉండదు. బయలుదేరే ముందు ఫోన్ చేసి మెషిన్ ఉందా, బాబ్ వెయిట్ కట్టి చేస్తారా, చేశాక మిగిలిన తేడా రాసిన చీటీ ఇస్తారా అని అడగండి. క్రాంకు, ఫ్లైవీల్, కప్పీ, వాటి కీలు అన్నీ ఒకేసారి తీసుకెళ్లండి. క్రాంకును జీపు వెనక అడ్డంగా పడేసి కొండ దింపవద్దు, గోనెలో చుట్టి చెక్కల మధ్య కట్టండి. తూకం చేయించి తెచ్చేటప్పుడు దారిలో వంగితే చేయించింది దండగ.

పవర్ టిల్లర్లు, బ్రష్ కట్టర్లు

పవర్ టిల్లర్లలో సిలిండర్ అడ్డంగా ఉండే ఇంజిన్లు ఎక్కువ. వీటిలో కొన్నింటికి అదురు తగ్గించడానికి విడిగా బ్యాలెన్సర్ షాఫ్టులు ఉంటాయి. పిస్టన్ తెచ్చే అదురుకు ఎదురుగా తిరగడమే వాటి పని. గేర్ల పళ్ల మీద చుక్కలు లేదా గీతలు ఉంటాయి. బిగించేటప్పుడు ఒక్క పన్ను తప్పినా షాఫ్టు తగ్గించాల్సిన అదురులో కొంత అలాగే మిగిలిపోతుంది, ఎక్కువ పళ్లు తప్పితే ఇంకా పెంచుతుంది. టైమింగ్ గేర్ల మూత మూసే ముందు గుర్తులన్నీ కలిశాయో లేదో సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోండి, మెకానిక్‌నూ చూపించమనండి. బేరింగు దొరకలేదని ఆ షాఫ్టు తీసేసి బిగించడం, "లోడు తగ్గుతుంది" అని నచ్చజెప్పడం ఒప్పుకోకూడదు.

టిల్లర్ అదురు ఇంజిన్‌తో ఆగదు, హ్యాండిల్ పట్టుకున్న చేతుల్లోకి వెళుతుంది. మెట్ల మళ్లలో వరుసగా గంటలకొద్దీ దమ్ము చేసేవారికి వేళ్లు తిమ్మిరెక్కడం, చలిలో తెల్లబడటం మొదలైతే అది అలసట అనుకోవద్దు. అదురు వల్ల నరాలు, రక్తనాళాలు దెబ్బతింటున్న గుర్తు అది. అలాగే వదిలేస్తే పట్టు తగ్గిపోయి మళ్లీ రాకపోవచ్చు. హ్యాండిల్ రబ్బర్లు మార్చండి, గంటకోసారి మనిషిని మార్చండి. తిమ్మిరి తగ్గకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి.

కాఫీ తోటల్లో కలుపు కోసే బ్రష్ కట్టర్లది ఇంకా వేగం. నిమిషానికి 7000 చుట్లు తిరిగే బ్లేడుకు మధ్య నుంచి 120 మి.మీ. దూరంలో 5 గ్రాములు తేడా ఉంటే దాదాపు 33 కిలోల లాగుడు వస్తుంది. ఫ్లైవీల్ మీద 50 గ్రాములు చేసే పని ఇక్కడ 5 గ్రాములే చేస్తాయి. రాయి తగిలి ఒక పన్ను విరిగిన బ్లేడును మిగతా పళ్లు సానబెట్టి వాడవద్దు. సానబెట్టిన ప్రతిసారీ గోడకు కొట్టిన నున్నటి మేకుకు బ్లేడు మధ్య రంధ్రం తగిలించి చూడండి. ఎప్పుడూ ఒకే పన్ను కిందికి వస్తే దాని వెనక భాగం కొద్దిగా గ్రైండ్ చేయాలి. ఈ ఇంజిన్లలో చాలావాటికి క్రాంకు ముక్కలుగా చేసి ఒత్తిడితో బిగించి ఉంటుంది. సుత్తి దెబ్బ తగిలితే వరస తప్పుతుంది కాబట్టి దాన్ని ఊరి మెకానిక్‌తో విప్పించవద్దు.

కొండ మీద గవర్నర్ తిప్పే అలవాటు

సముద్ర మట్టం నుంచి ప్రతి 100 మీటర్ల ఎత్తుకు మామూలు డీజిల్ ఇంజిన్ బలం సుమారు 1 శాతం తగ్గుతుంది. అరకు లోయ 900 మీటర్లకు పైనే ఉంది కాబట్టి మైదానంలో 5 హెచ్‌పీ ఇచ్చే ఇంజిన్ ఇక్కడ నాలుగున్నర ఇస్తే గొప్ప. పల్పర్ నెమ్మదిస్తోందని గవర్నర్ స్ప్రింగు బిగించి వేగం పెంచడం చాలా చోట్ల కనిపిస్తుంది. 1500 చుట్ల ఇంజిన్‌ను 1800కు తీసుకెళితే వేగం పెరిగేది ఐదో వంతే, తూకం తప్పు లాగే బలం మాత్రం 44 శాతం పెరుగుతుంది. ఫ్లైవీల్‌ను చీల్చే ఒత్తిడి కూడా అంతే శాతం పెరుగుతుంది. బోరు పని తర్వాత గవర్నర్‌ను కంపెనీ చెప్పిన చుట్లకే పెట్టించండి, టాకోమీటరుతో కొలిపించండి. పల్పర్‌కు వేగం చాలకపోతే ఇంజిన్ వైపు కప్పీ కాస్త పెద్దది వేసుకోవచ్చు. బలమే చాలకపోతే పండ్లు తక్కువ తక్కువగా పోయాలి, లేదా తర్వాతి కొనుగోలులో ఒక హెచ్‌పీ ఎక్కువ ఇంజిన్ తీసుకోవాలి.

బిగించాక

మొదటిసారి నడిపేటప్పుడు బెల్టు లేకుండా, తక్కువ వేగంతో మొదలుపెట్టండి. ఫ్లైవీల్ తిరిగే గీతలో ఎవరూ నిలబడకూడదు, పిల్లలను షెడ్డు బయటే ఉంచండి. దిమ్మె మీద స్టీలు గ్లాసుతో నీళ్లు పెట్టి వేగం మెల్లగా పెంచుతూ చూడండి. ఏదో ఒక వేగం దగ్గర నీళ్లు ఎక్కువగా చిందుతూ, దాటాక తగ్గితే అది దిమ్మె ఊగే వేగం. ఆ వేగంలో ఎక్కువసేపు నడపకుండా చూసుకుంటే చాలు. పూర్తి వేగం దగ్గర కూడా గ్లాసు జరిగిపోతుంటే ఆపేయండి. ముందు కీలు, దిమ్మె బోల్టులు చూసి, అవి బిగువుగా ఉంటే తూకం చీటీ తిరగేయండి.

ఫ్లైవీల్ కీ విషయంలో మొదటి 25 గంటలు జాగ్రత్త. మొదటి రోజు నడిపి ఆపాక, చల్లబడిన తర్వాత కీ బిగువు చూడాలి, వారానికి మరోసారి చూడాలి. తిరిగేటప్పుడు టక్ టక్ మని లయగా వినిపిస్తే కీ వదులైనట్టు. ఆ శబ్దంతో ఇంజిన్ నడిపితే గాడి మూలల్లో పగుళ్లు పుడతాయి. దిమ్మె బోల్టులు, కప్పీ బోల్టులు, డీజిల్ పైపు క్లిప్పులు కూడా ఆ 25 గంటల తర్వాత మరోసారి బిగించాలి.

ఇంజిన్ పని నేర్చుకోవాలనుకునే యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర వ్యవసాయ శాఖ నడిపే దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్లు, పవర్ టిల్లర్లు నడపడం, బాగుచేసుకోవడం మీద అక్కడ శిక్షణ ఇస్తారు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పల్పర్ చూసుకునే ఒకరిని పంపితే, తూకం నోటుపుస్తకం కూడా ఆ మనిషి దగ్గరే ఉంచవచ్చు. పిస్టన్ తయారీ పేరు, బరువు, క్రాంకు సైజు, ఫ్లైవీల్‌లో వేసిన రంధ్రాల లెక్క, తేదీ అందులో రాసి ఉంటే వచ్చే బోరుకు ఏ మెకానిక్ వచ్చినా పని అక్కడి నుంచే మొదలవుతుంది.